లెక్క రాని నాయకత్వం మాకొద్దు

"ఆర్ట్స్ తీసుకో, లెక్కల పీడ వదిలిపోతుంది." పదో తరగతి రిజల్ట్స్ వచ్చిన రోజు నుంచి మా బడిలో ఈ మాట వినని పిల్లలు ఉండరు. ఇంట్లోవాళ్ళు అంటారు, సీనియర్లు అంటారు, ఒక్కోసారి టీచర్లు కూడా అంటారు. నేను ప్లస్ టూలో హిస్టరీ, ఎకనామిక్స్ ఉన్న గ్రూపు చదువుతున్నాను. డిగ్రీలో కూడా అదే దారిలో పోవాలని ఉంది. అయినా సరే, ఆ మాట తప్పు అని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

నా వాదన ఇది. లిబరల్ ఆర్ట్స్ చెప్తామని బోర్డు పెట్టుకున్న ప్రతి కాలేజీ మొదటి ఏడాదిలోనే ప్రతి విద్యార్థికీ ఒక లెక్కల కోర్సు తప్పనిసరి చేయాలి. హిస్టరీ వాళ్ళకీ, సాహిత్యం వాళ్ళకీ, అందరికీ. అది చేయకుండా "మా దగ్గర ఇంటర్‌డిసిప్లినరీ కోర్సులున్నాయి, లీడర్‌షిప్ కోర్సులున్నాయి" అని చెప్పుకోవడం పునాది తవ్వకుండా మేడ గురించి మాట్లాడటమే.

లిబరల్ ఆర్ట్స్ అనే పేరు ఇప్పుడు మా హోసూరు దాకా వచ్చింది. పక్కనే బెంగళూరులో అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం ఉంది. చెన్నై దాటి ఆంధ్రలో అడుగు పెట్టగానే శ్రీసిటీలో క్రియా విశ్వవిద్యాలయం ఉంది. హర్యానాలోని సోనీపట్‌లో అశోకా ఉంది. వీటి పేరు విని మామూలు ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీలు కూడా అవే మాటలు తమ పుస్తకాల్లో అచ్చు వేసుకుంటున్నాయి. మాటలు తెచ్చుకున్నవాళ్ళు వాటి వెనకాల ఉన్న చదువు కూడా తెచ్చుకోవాలి కదా?

అసలు ఆ పేరు ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం. లాటిన్‌లో 'లిబర్' అంటే స్వేచ్ఛ గల మనిషి. స్వేచ్ఛగా బతకాల్సిన మనిషికి కావలసిన విద్యలు అని ఆ పేరు. పాతకాలం యూరప్‌లో ఇవి ఏడు. వ్యాకరణం, తర్కం, వక్తృత్వం అనే మూడు ముందు. తర్వాత అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళం అనే నాలుగు. సంగీతాన్ని కూడా సంఖ్యల నిష్పత్తులుగానే నేర్పేవాళ్ళు. అంటే ఏడింటిలో నాలుగు లెక్కలకు చెందినవే. ఈ రోజు మనం "ఆర్ట్స్ అంటే లెక్కలు లేని చదువు" అంటున్నాం. పేరు ఉంచుకుని సగానికి పైగా సరుకు పారేశాం.

అమెరికాలో సెయింట్ జాన్స్ కాలేజీ అని ఒకటుంది. 1937 నుంచి అక్కడ అందరూ ఒకే పాఠ్యక్రమం చదువుతారు. నాలుగేళ్ళూ లెక్కలు ఉంటాయి. మొదటి ఏడాది పిల్లలు యూక్లిడ్ రేఖాగణితం చదువుతారు. ఒక్కొక్కరు లేచి బోర్డు దగ్గరికి వెళ్ళి సిద్ధాంతాన్ని నిరూపించాలి, మిగతావాళ్ళు ప్రశ్నలు వేయాలి. కవిత్వం చదవాలని వచ్చినవాళ్ళకి కూడా మినహాయింపు లేదు. మన దేశంలో అశోకాలో కూడా డిగ్రీ పిల్లలందరూ చదవాల్సిన పునాది కోర్సుల్లో పరిమాణాత్మక తర్కం, గణిత ఆలోచన మీద ఒకటుంది. అంటే నేను అడిగేది ఎక్కడా లేని వింత కాదు.

మరి మామూలు కాలేజీల్లో ఏం జరుగుతోంది? యూజీసీ 2022 డిసెంబరులో డిగ్రీ చదువులకు ఒక చట్రం ఇచ్చింది. అందులో మల్టీడిసిప్లినరీ కోర్సులు మూడు, మొత్తం 9 క్రెడిట్లు. ఏ విషయాల నుంచి తీసుకోవాలో ఐదు బుట్టలుగా చెప్పింది. ఒక బుట్టలో లెక్కలు, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ ఉన్నాయి. ఐదింటిలో మూడు చాలు కాబట్టి ఆ బుట్ట వైపు కన్నెత్తి చూడకుండా డిగ్రీ పట్టా తీసుకోవచ్చు. లెక్కలంటే భయపడే పిల్లలు ఏ బుట్ట వదిలేస్తారో వేరే చెప్పాలా?

తమిళనాడులో పద్ధతి వేరు. ఇక్కడ చాలా విశ్వవిద్యాలయాల్లో డిగ్రీని ఐదు భాగాలుగా చేశారు. నాలుగో భాగంలో నాన్ మేజర్ ఎలెక్టివ్ అని ఉంటుంది. హిస్టరీ చదివే పిల్ల వేరే డిపార్ట్‌మెంట్‌కు వెళ్ళి ఇంకో సబ్జెక్టు రుచి చూసే వీలు అదే. కానీ ప్లస్ టూ దాకా తమిళం చదవకుండా మొదటి భాగంలో తెలుగు తీసుకున్నవాళ్ళు ఆ చోట బేసిక్ తమిళం చదవాలి. ప్లస్ టూ దాకా తమిళం చదివి, కాలేజీలో తెలుగు తీసుకుంటే ఆ చోట అడ్వాన్స్‌డ్ తమిళం చదవాలి. తమిళం మా ఊరి భాష, మా పక్కింటి భాష, అది నేర్చుకోవడం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా ఫిర్యాదు ఒక్కటే. మాతృభాషను వదలని పిల్లలకి వేరే సబ్జెక్టు ఎంచుకునే ఆ ఒక్క అవకాశం కూడా పోతోంది. అందుకే లెక్కలను 'ఇష్టమైతే తీసుకో' అనే చోట పెడితే మాలాంటివాళ్ళకి అది ఎప్పటికీ అందదు. తప్పనిసరి చోట పెడితేనే అందుతుంది.

ఇక ఇంటర్‌డిసిప్లినరీ సంగతికి వస్తాను. సోమవారం హిస్టరీ, మంగళవారం సైకాలజీ, బుధవారం పర్యావరణం అని టైంటేబుల్లో పక్కపక్కన వేస్తే అవి కలిసినట్టు కాదు. కలవడం అంటే ఏమిటో సి.ఆర్. రావు గారు తన 'స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్' పుస్తకంలో చెప్పిన ఒక సంగతి చూడండి.

1947లో ఢిల్లీలో అల్లర్లు జరిగినప్పుడు అల్పసంఖ్యాక వర్గం వాళ్ళు చాలామంది ఎర్రకోటలో తలదాచుకున్నారు. వాళ్ళకి తిండి పెట్టే బాధ్యత ప్రభుత్వం కాంట్రాక్టర్లకి ఇచ్చింది. లోపల ఎంతమంది ఉన్నారో ప్రభుత్వానికి తెలియదు. కాంట్రాక్టర్లు ఎంత బిల్లు వేస్తే అంత కట్టాలి. బిల్లులు పెరిగిపోతున్నాయి. లోపలికి వెళ్ళి తలలు లెక్కపెట్టే పరిస్థితి లేదు. అప్పుడు స్టాటిస్టిక్స్ వాళ్ళని పిలిచారు. వాళ్ళు కోట లోపలికి పోలేదు, బిల్లులు అడిగారు. బియ్యం ఎంత, పప్పు ఎంత, ఉప్పు ఎంత అని చూశారు. ఒక మనిషి రోజుకి ఎంత బియ్యం, ఎంత పప్పు, ఎంత ఉప్పు తింటాడో ఇంటి ఖర్చుల సర్వేల వల్ల వాళ్ళకి ముందే తెలుసు. భాగించారు, అంతే.

మాట వరసకి నా అంకెలతో చెప్తాను. ఒక రోజు బిల్లులో బియ్యం 4,000 కిలోలు. మనిషికి 400 గ్రాములు అనుకుంటే 10,000 మంది ఉండాలి. అదే బిల్లులో ఉప్పు 60 కిలోలు. మనిషికి 10 గ్రాములు అనుకుంటే 6,000 మందే ఉండాలి. కోట ఒక్కటే, మనుషులు వాళ్ళే, లెక్క మాత్రం రెండు రకాలుగా వస్తోంది. ఏది నమ్మాలి? బియ్యం ఖరీదు ఎక్కువ, దొంగ లెక్క రాస్తే లాభం. ఉప్పు చవక, దాన్ని పెంచి రాస్తే మిగిలేదేమీ లేదు. కాబట్టి ఉప్పు లెక్కే నిజానికి దగ్గర. అసలు జరిగినదానిలోనూ ఉప్పు లెక్క అన్నిటికంటే తక్కువ వచ్చింది, బియ్యం లెక్క అన్నిటికంటే ఎక్కువ వచ్చింది.

ఇందులో వాడిన లెక్క ఎంత? ఐదో తరగతి భాగహారం. కానీ ఆ భాగహారం చేయడానికి చరిత్ర తెలియాలి, జనం తిండి అలవాట్లు తెలియాలి, ధరలు తెలియాలి, లాభం ఎక్కడుంటే మనిషి మనసు ఎటు పోతుందో తెలియాలి. ఇంటర్‌డిసిప్లినరీ అంటే ఇది. ఇందులోంచి లెక్క తీసేసి చూడండి. "కాంట్రాక్టర్లు మోసం చేస్తున్నారేమో" అనే అనుమానం మిగులుతుంది. అనుమానంతో బిల్లు ఆపలేం.

ఆ పుస్తకం రాసిన రావు గారు 1920లో హడగలిలో, ఇప్పటి కర్ణాటకలో, తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివారు. 1946లో ఆయన కేంబ్రిడ్జికి వెళ్ళింది గణిత శాఖ పిలిస్తే కాదు. సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వి తీసిన పాత అస్థిపంజరాల కొలతలను విశ్లేషించడానికి మానవ శాస్త్ర మ్యూజియం వాళ్ళు పిలిచారు. ఎముకల్లో చరిత్ర చదవడానికి లెక్కల మనిషి కావలసి వచ్చాడు. మరి చరిత్ర చదివే నాకు లెక్క అక్కర్లేదని ఎవరు తేల్చారు?

ఇప్పుడు లీడర్‌షిప్ గురించి. ఇక్కడే నాకు ఎక్కువ కోపం.

మా అక్క చదివే కాలేజీలో రెండు రోజుల లీడర్‌షిప్ శిబిరం పెట్టారు. బెలూన్లు ఊదించారు, తాడు లాగించారు, కళ్ళకు గంతలు కట్టి నడిపించారు. చివర్లో గట్టిగా చప్పట్లు కొట్టించి సర్టిఫికెట్ ఇచ్చారు. దాంట్లో సరదా ఉంది, కాదనను. చదువు మాత్రం లేదు. అమెరికాలో రిచ్‌మండ్ విశ్వవిద్యాలయంలో నాయకత్వాన్ని డిగ్రీగా చెప్పే జెప్సన్ స్కూల్ 1992లో మొదలైంది. అక్కడ పాఠం చెప్పేవాళ్ళు చరిత్రకారులు, ఆర్థికవేత్తలు, తత్వశాస్త్రం వాళ్ళు, మనస్తత్వ శాస్త్రం వాళ్ళు. నాయకత్వం అంటే స్టేజి మీద గొంతు పెంచడం కాదు, మనుషులు ఒకరి వెనక ఒకరు ఎందుకు నడుస్తారో, ఎటు నడిస్తే న్యాయమో పరిశీలించే చదువు అని దాని అర్థం.

నిజమైన నాయకత్వం ఎలా ఉంటుందో డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్ చూపించాడు. అమెరికాలో నల్లజాతి ప్రజల హక్కుల కోసం జీవితమంతా పోరాడిన మనిషి. అట్లాంటా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవాడు. 1900లో పారిస్‌లో ప్రపంచ ప్రదర్శన జరిగితే, అక్కడికి తన విద్యార్థులతో కలిసి చేత్తో గీసి రంగులు వేసిన పటాలు పంపాడు. జార్జియాలో నల్లవాళ్ళకి ఎంత భూమి ఉంది, ఎంతమంది చదవగలరు, ఏ పనులు చేస్తున్నారు, బానిసత్వం పోయాక ఏమి మారింది అన్నీ గీతలు, పట్టీలు, వలయాల్లో చూపించాడు. "వీళ్ళు ముందుకు రాలేరు" అనే లోకానికి అంకెలతో జవాబు చెప్పాడు. ఒక అల్పసంఖ్యాక సమాజం తన గురించి తాను లెక్క తీసుకుని చెప్పుకుంది. మనం నేర్చుకోవాల్సిన నాయకత్వం అదే.

ఇది మనకెందుకు అంటారా? మన సంగతే చూద్దాం. 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక తీర్మానం చేసింది. బడి మొత్తంలో 40 మంది, లేదా ఒక తరగతిలో 10 మంది ఆ భాష మాట్లాడే పిల్లలు ఉంటే, ప్రాథమిక దశలో వాళ్ళకి మాతృభాషలో చెప్పడానికి టీచరును పెట్టాలి. 1961లో ముఖ్యమంత్రుల సమావేశం ఇంకో మాట చెప్పింది. జిల్లాలో గానీ, మున్సిపాలిటీ, తాలూకా లాంటి చిన్న ప్రాంతంలో గానీ ఒక అల్పసంఖ్యాక భాష వాళ్ళు నూటికి 15 మంది ఉంటే ముఖ్యమైన ప్రభుత్వ నోటీసులు ఆ భాషలో కూడా వేయాలి. 10, 40, 15. మన బడి బతుకు ఈ మూడు అంకెల మీద ఉంది.

2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్ళు దాదాపు 42 లక్షలు. శాతంలో చెప్తే 5.87. "ఆరు శాతం కూడా లేరు, 15 ఎక్కడ?" అని ఎవరైనా అంటే ఏం జవాబు చెప్తారు? హారం మార్చమని చెప్పాలి. రాష్ట్రం మొత్తాన్ని హారంగా పెడితే 5.87. కానీ 15 శాతం నియమంలో హారం జిల్లా, తాలూకా, మున్సిపాలిటీ. హోసూరు, డెంకణికోట వైపు కొన్ని ఊళ్ళలో ఇంటింటా తెలుగే. అక్కడ లెక్క తీస్తే వచ్చే అంకె వేరు. ఒక్క హారం మారితే ఒక హక్కు వస్తుంది, ఒక హక్కు పోతుంది. ఇది తెలియని నాయకుడు ఎంత బాగా మాట్లాడితే మాత్రం ఏం లాభం?

ఇంకొక ఉదాహరణ. ఒకటో తరగతిలో 14 మంది చేరారు అనుకుందాం. ఏటా పదిలో ఒకరు వేరే మీడియానికి వెళ్ళిపోతున్నారు అనుకుందాం. చాలామంది "ఒకరే కదా, ఏముందిలే" అంటారు. 14ని 0.9తో గుణిస్తూ పోండి. రెండో తరగతికి 12.6, మూడో తరగతికి 11.3, నాలుగో తరగతికి 10.2, ఐదో తరగతికి 9.2. పదికి కిందకి దిగిపోయింది. సెక్షన్ మూసేస్తారేమో అని ఐదో తరగతిలో ఏడవడం కంటే, ఒకటో తరగతిలోనే ఈ లెక్క వేసి ఇల్లిల్లూ తిరగడం నాయకత్వం.

మా ఊళ్ళో ఇది కళ్ళారా చూశాను. తెలుగు టీచరు పోస్టు ఖాళీగా ఉందని పెద్దవాళ్ళు, కాలేజీ పిల్లలు కలిసి ఒక ఆఫీసుకి అర్జీ పట్టుకుని వెళ్ళారు. మాతృభాష తల్లిపాలు లాంటిది అని చక్కగా రాసుకున్నారు. అక్కడి ఉద్యోగి అది చదవనైనా లేదు. "ఏ క్లాసులో ఎంతమంది? వచ్చే ఏడాది ఎంతమంది వస్తారు? నాలుగేళ్ళ లెక్క ఉందా?" అని అడిగాడు. లీడర్‌షిప్ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తిరిగి వచ్చాక మా అమ్మ, మహిళా సంఘం లెక్కలు రాసే మనిషి, ఎనిమిదో తరగతితో బడి మానేసిన మనిషి, రెండు సాయంత్రాలు కూర్చుని గీతలు కొట్టి ఆ పట్టిక తయారు చేసింది. అర్జీ రెండోసారి తీసుకున్నారు. ఎవరు నాయకురాలో మీరే చెప్పండి.

నా మాటకి అడ్డు చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళ మాటల్లో బలం ఉన్నవి కూడా ఉన్నాయి.

మొదటిది, "తప్పనిసరి చేస్తే పిల్లలు ఫెయిలవుతారు, చదువే మానేస్తారు." ఇది నిజమైన భయం. మొదటిసారి కాలేజీ గడప తొక్కే ఇళ్ళ పిల్లలకి ఒక్క పేపర్ ఆగిపోతే డిగ్రీ ఆగిపోతుంది. అందుకే ఫస్ట్ గ్రూపు వాళ్ళ క్యాలిక్యులస్‌ని తెచ్చి మా నెత్తిన పెట్టమని నేను అడగడం లేదు. శాతం ఏ హారం మీద తీశారు, సగటుకీ మధ్యగతానికీ తేడా ఎక్కడొస్తుంది, వడ్డీ మీద వడ్డీ ఎలా పెరుగుతుంది, సంభావ్యత అంటే ఏమిటి, గ్రాఫ్ ఎలా అబద్ధం చెప్తుంది, ఒక మాటని ఎప్పుడు నిరూపించినట్టు. ఇవి చాలు. మూడు గంటల పరీక్షకి బదులు ఊళ్ళో ఒక ప్రశ్న తీసుకుని లెక్క తీసి చూపించమనండి. అప్పుడు ఎవరూ పారిపోరు.

రెండోది, "తెలుగు మీడియం పిల్లలు ఇంగ్లీషులో లెక్కలు ఎలా చదువుతారు?" నేను తిరగేసి అడుగుతాను. ఇంగ్లీషులో హిస్టరీ ఎలా చదువుతున్నారు? పేజీలకు పేజీలు అర్థం చేసుకోవాలి. లెక్కల్లో గుర్తులు అన్ని భాషల్లోనూ అవే. మీడియం మారినప్పుడు మనం తక్కువ నష్టపోయే సబ్జెక్టు ఏదైనా ఉంటే అది లెక్కలే. బాహుళకం, విస్తరణ, సంభావ్యత అనే మాటలు మనకి ఇప్పటికే వచ్చు. వాటి పక్కన ఇంగ్లీషు మాట రాసి ఒక కాగితం ఇస్తే మొదటి నెలలోనే కుదురుకుంటాం.

మూడోది, "కంప్యూటర్ ఉంది, ఏఐ ఉంది, లెక్క అది చేస్తుంది." చేస్తుంది. 42 లక్షల్ని దేనితో భాగించాలో మనమే చెప్పాలి. బియ్యం నమ్మాలా, ఉప్పు నమ్మాలా అనేది మనమే తేల్చాలి. మిషన్ చెప్పిన జవాబు తప్పయితే కనిపెట్టడానికైనా మనకి లెక్క రావాలి.

నాలుగోది, "నాయకత్వం గుణం, దానికి లెక్కతో పనేంటి?" ధైర్యం కావాలి, జాలి కావాలి, మాట కావాలి, ఒప్పుకుంటాను. కానీ జాలి ఉన్న మనిషికి పంచే బియ్యం ఎంతమందికి సరిపోతుందో తెలియకపోతే చివరి వరుసలో నిలబడ్డవాళ్ళు ఖాళీ గిన్నెతో పోతారు. ఆ చివరి వరుసలో ఎప్పుడూ ఉండేది మనలాంటివాళ్ళే.

కాబట్టి కాలేజీలను నేను అడిగేవి నాలుగు. ఒకటి, మొదటి ఏడాదిలో అందరికీ ఒక లెక్కల కోర్సు, తప్పించుకునే సందు లేకుండా. రెండు, ఒక నిజమైన ప్రజా సమస్య మీద అంకెలు సేకరించి పదిమంది ముందు సమర్థించుకోని విద్యార్థికి లీడర్‌షిప్ సర్టిఫికెట్ ఇవ్వొద్దు. మూడు, ఇంటర్‌డిసిప్లినరీ అంటే ఇద్దరు టీచర్లు ఒకే గదిలో ఒకే ప్రశ్న మీద పాఠం చెప్పాలి. నాలుగు, మాతృభాష తీసుకున్న పిల్లలకి తమిళం కోర్సు చెప్పండి, కానీ దానికోసం వేరే సబ్జెక్టు చదివే చోటు తీసేయొద్దు, రెండూ ఇవ్వండి.

అమ్మానాన్నలకి ఒక మాట. ఆర్ట్స్ తీసుకున్న కూతురిని "లెక్కలు రాక తీసుకుంది" అని చుట్టాల దగ్గర చెప్పకండి. అది విని విని చివరికి ఆ పిల్ల నిజంగానే లెక్కలు వదిలేస్తుంది. టీచర్లకి ఒక మనవి. పదకొండో తరగతి ఆర్ట్స్ గ్రూపుకి వారానికి ఒక్క పీరియడ్ లెక్కలు చెప్పండి, మార్కులు లేకపోయినా సరే, మేము కూర్చుంటాం. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకు ఒక పని. మన బడిలో ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఎంతమంది ఉన్నారో, గత నాలుగేళ్ళలో ఎంతమంది తగ్గారో పట్టిక తయారు చేద్దాం. వచ్చే సంచికలో ఆ పట్టిక ఇదే పేజీలో అచ్చు వేద్దాం. రేపు ఎవరైనా మన లెక్క అడిగితే ముఖాలు చూసుకోకుండా జవాబు చెప్పేటట్టు ఉండాలి.